పాత కారుకు కొత్త మీటర్లు
అనంతపురం ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో పాత కారు నడిపేవారికి ఇంజను వేడి కచ్చితంగా తెలియడం ఎంతో అవసరం; కారుతో వచ్చే కంపెనీ మీటరు ముల్లు చాలా కార్లలో వేడి కొంత పెరిగినా మధ్యలోనే నిలిచేలా తయారై ఉంటుంది కనుక, నేను కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత మీటరును, వోల్టు మీటరును విడిగా బిగించుకున్నాను.

ఈ పనికి కొత్తగా పూనుకునేవారు ఇంజను పూర్తిగా చల్లారాక, ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. మీటరుకు కరెంటును తాళం తిప్పినప్పుడే వచ్చే తీగ నుంచి, తప్పనిసరిగా ఫ్యూజు ద్వారా తీసుకోవాలి. నా దృష్టిలో అసలు జాగ్రత్త ఇంజనుకు బిగించే, వేడిని కొలిచే సెన్సారు దగ్గరే ఉంది: ఒకే తీగ ఉన్న సెన్సారు తన ఎర్తును, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారిని, ఇంజను లోహం నుంచే పొందుతుంది కాబట్టి, దాని మర చుట్లకు టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్తు సరిగా అందక మీటరు తప్పు చూపవచ్చు. ఇంజను నడుస్తుండగా వోల్టు మీటరు సుమారు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగు సాధారణంగా బాగున్నట్టే.