కీబోర్డ్ వర్క్‌స్టేషన్ ఫ్యాన్: హోరు తగ్గింది, ఎఫ్ స్వరం మాత్రం వదల్లేదు

నా మ్యూజిక్ వర్క్‌స్టేషన్‌లో (రికార్డింగ్ కూడా చేసే కీబోర్డు) ఫ్యాన్ మార్చాక హోరు పోయింది. ఇన్నాళ్లూ దాని చాటున ఉన్న కూత ఇప్పుడు తేటగా వినిపిస్తోంది, అది ఇంకా చిరాకు! కొత్త ఫ్యాన్ 60×25 మి.మీ., 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), ఏడు రెక్కలు. సెకనుకి 50 చుట్లు, ఏడు రెక్కలతో హెచ్చిస్తే 350 హెర్ట్జ్, కూత స్వరం అదే. మిడిల్ సి పైనుండే ఎఫ్ 349.2 హెర్ట్జ్. మానిటర్ స్పీకర్లు సన్నగా పెట్టి ఆ ఎఫ్ కీ నొక్కి పట్టుకుంటే, స్వరం సెకనుకోసారి ఉబ్బి తగ్గుతున్నట్టు ఉంటుంది.

హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టడం సాఫీగా అయింది, గరగర లేదు.

కూత సంగతికొస్తే, మొదటి అనుమానం అదురు మీద. స్క్రూలు తీసి సిలికాన్ పిన్నులు, అడుగు రేకుకి అదురు తగ్గించే బ్యూటైల్ రబ్బరు షీట్ వేశాను. 30 సెం.మీ. దూరంలో ఫోన్‌లోని శబ్దం మీటర్ 34 డెసిబెల్ దగ్గరే ఉంది, స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోతో చూపే గ్రాఫ్) 350 దగ్గర ముల్లులా లేచిన గీత తగ్గలేదు. బ్యూటైల్‌ని అన్ని మోతలకీ మందులా చెప్తుంటారు గానీ, రేకు అదరకపోతే అది వట్టి బరువే.

తర్వాత వేగం తగ్గించడానికి, ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే ఎర్ర తీగలో 27 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ పెట్టాను. నల్ల తీగలో పెడితే ఫ్యాన్ వేగం తెలిపే ట్యాకో సిగ్నల్ దెబ్బతిని బూట్‌లో ఫ్యాన్ ఎర్రర్ రావచ్చు. ఫ్యాన్లు చేసే నాక్టువా వాళ్లిచ్చే లో నాయిస్ అడాప్టర్‌లో ఉండేదీ రెసిస్టరే, కాకపోతే టంకం పని తప్పుతుంది. ఫ్యాన్‌కి 10.1 వోల్టులు అంది, వేగం 2520కి దిగింది. మీటర్ 31 చూపింది. కూత 294 హెర్ట్జ్‌కి జారింది, అంటే ఎఫ్ పోయి డి వచ్చింది!

అసలు గుట్టు బయటపెట్టింది చేత్తో చేసిన పరీక్ష. ఫ్యాన్‌ని విప్పి గాల్లో పట్టుకుంటే కూత లేదు. వెనక రేకుకి తగలకుండా 3 మి.మీ. దగ్గరికి తెస్తే మళ్లీ మొదలు. కాబట్టి అదురు కాదు. ఈ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి లాగుతుంది, రేకులో కొట్టిన గాట్లు సరిగ్గా రెక్కల ముందున్నాయి. గాట్ల మధ్య పట్టీల వెనక గాలి చెదురుతుంది, ఆ చెదిరిన గాలిని ప్రతి రెక్కా కోస్తూ పోతుంది. అడ్డం గాలి లాగే వైపు ఉంటే కూత ఎక్కువ, వదిలే వైపు ఉంటే అంత ఉండదు.

మూలల్లో 5 మి.మీ. స్పేసర్లు వేస్తే ముల్లు 8 డెసిబెల్ పడింది. కానీ పక్క సందుల్లోంచి లోపలి వేడి గాలినే తిరిగి లాగుతోంది: గంటకి హీట్‌సింక్ 56 నుంచి 64 డిగ్రీలకి చేరింది. సందులు ఫోమ్‌తో మూసేద్దామంటే, స్పేసర్‌తో కలిపి 30 మి.మీ. అయిన ఫ్యాన్ వెనక రిబ్బన్ కేబుల్‌ని నొక్కుతోంది. ఫోమ్ చుట్టడానికి వేలు కూడా దూరదు.

మిగిలినవి రెండు దారులు. 15 మి.మీ. మందం ఫ్యాన్, దాని ముందు 10 మి.మీ. మూసిన రింగు. సన్న ఫ్యాన్‌కి గాలి నెట్టే బలం తక్కువ, ఇరుకు దారిలో ఎంత తోస్తుందో అనుమానమే. రెండోది, గాట్ల రేకుని గుండ్రంగా కోసేసి తీగ గార్డు బిగించడం. నా మొగ్గు దీనికే. రేకుని పూర్తిగా విప్పి బయటే కోయాలి, ఇనుప రజను బోర్డు మీద పడితే షార్టే. ముందు 60 మి.మీ. రంధ్రానికి అట్ట మూస గీసుకోవాలి. ఒక స్క్రూ బాస్ (స్క్రూ దిగే దిమ్మ) అడ్డొచ్చేలా ఉంది.