పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: ఒక తెలుగు టీచర్ అనుభవం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైన ప్రాసెసర్ ఉండాలి. నాది ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక షాపులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. స్క్రీనూ కీబోర్డూ శుభ్రంగా పనిచేస్తున్న మెషీన్‌ని మూల పడేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు "లినక్స్ వేద్దాం మావయ్యా, విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అది" అన్నాడు. నాకు కమాండ్లవీ రావురా అన్నాను. "అక్కర్లేదు. ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడు. నచ్చకపోతే తీసేసి రీస్టార్ట్ చెయ్యి, నీ విండోస్ నీకుంటాది" అన్నాడు. సగం టెన్షన్ ఆ మాటతోనే పోయింది.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. మేం మింట్ ఎంచుకున్నాం. కింద మెనూ, టాస్క్‌బార్ విండోస్‌లో ఉన్నట్టే ఉంటాయి. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తక్కువ ర్యామ్‌కి నప్పుతుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఫైల్ దించుకుని, ఎచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) కీ నొక్కాం. ఆ కీ కంపెనీని బట్టి మారుతుంది. పెన్‌డ్రైవ్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడాలి.

అలా నడుపుతూనే సౌండు, కెమెరా, ప్రింటరు అన్నీ చూసుకున్నాను. వైఫై ఒక్కటి దొరకలేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. ఇన్‌స్టాల్ అయ్యాక ఆ నెట్‌తోనే డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది చూపించిన డ్రైవర్ (వైఫై పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) వేసుకుంటే వైఫై కలిసింది.

ఇన్‌స్టాల్ చేసేముందు చేసిన పని ఒకటి అందరికీ గట్టిగా చెబుతాను. విండోస్ ఉన్న పాత హార్డ్ డిస్క్‌ని విప్పి పక్కన పెట్టేసి, దాని స్థానంలో హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించాం. డిస్క్‌ని భాగాలు చేసే పార్టిషన్ల గొడవ లేదు, ఫొటోలు పోతాయన్న భయం లేదు. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి, కావలసిన ఫైళ్లు తీరిగ్గా తెచ్చుకున్నాను. ఇక వేగం సంగతి, ఎస్‌ఎస్‌డీ వల్ల కొంత, తేలిక సిస్టమ్ వల్ల కొంత, ల్యాప్‌టాప్ కొత్తదానిలా లేచింది.

అసలు పని తెలుగు దగ్గర పడింది. నా ప్రశ్నపత్రాలన్నీ యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా చెల్లే అక్షరాల పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలుంటాయి. ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు దగ్గర కూర్చుని సరిదిద్దుకున్నాను. విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి చేస్తే ఆ పత్రం ఫోన్లోనూ చదవొచ్చు, వెతకొచ్చు. టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతి) రెండూ దొరుకుతాయి. నేను ఆర్‌టీఎస్‌కే అలవాటు పడ్డాను.

ఫాంట్స్-తెలుగువిజయం అనే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేశాక నాకు కలిగిన సంతోషం వేరు. జాబితాలో గురజాడ ఉంది, గిడుగు ఉంది. విజయనగరంలో బతికిన అప్పారావుగారు, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తిగారు, ఇద్దరూ వాడుక తెలుగు కోసం పోరాడినవాళ్లే. మా బడిపిల్లల పాఠాలు వాళ్ల పేర్లున్న అక్షరాల్లో, ఎవరికీ రూపాయి కట్టకుండా టైపు చేస్తున్నాను.

అయితే ట్యాలీ, పేజ్‌మేకర్, ఫొటోషాప్ మీద బతుకుతెరువు ఉన్నవాళ్లు విండోస్ వదిలెయ్యకండి. విండోస్, లినక్స్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టుకోవచ్చు. నాలా పాఠాలు, లెక్కలు, బ్రౌజరు చాలనుకునేవాళ్లకి ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత లిబ్రెఆఫీస్ సరిపోతుంది. జిరాక్స్ షాపుకి మాత్రం ఫైల్‌ని పీడీఎఫ్ చేసి ఇవ్వండి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోయినా ఒత్తులు చెదరకుండా ప్రింట్ వస్తుంది.