చెక్‌సమ్ గొడవ

"పోయింది సార్, కార్డు డెడ్."

ఆ మాట అనడానికి షాపు కుర్రాడు మా నెట్‌వర్క్ కార్డుని కనీసం స్లాట్‌లో పెట్టి చూడలేదు. కవర్లోంచి తీశాడు, ట్యూబ్‌లైట్ వెలుగుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కాలిన వాసన వచ్చిందా అంటే రాలేదట. రాకపోయినా డెడ్డేనట. కొత్తది చూపిస్తానంటూ ర్యాక్ వైపు తిరిగాడు. ఇప్పుడు రాత్రి పదకొండు దాటింది, కార్డు నిక్షేపంలా పనిచేస్తోంది, అయినా ఆ వాసన చూడటం నా బుర్రలోంచి పోవట్లేదు. అందుకే ఈ టైపింగ్.

బుజ్జిగాడి నెట్‌వర్క్ బూట్ పిచ్చి గురించి మొన్న రాశాను కదా. పెన్‌డ్రైవ్ లేకుండా నెట్ మీంచే పాత డెస్క్‌టాప్‌ని లేపాలట. కార్డులో బూట్ ఆప్షన్ మార్చే యుటిలిటీ నడిపాడు, సరిగ్గా అది రాస్తుండగా కరెంటు పోయింది. మా యూపీఎస్ సంగతి మీకు తెలుసు, కూత పెట్టి ఊరుకుంటుంది. కరెంటు వచ్చాక మెషీన్ లేచింది గానీ నెట్‌వర్క్ లేదు. అందులోనే నాన్నగారి పాటలు, సుజాత ఆఫీసు ఫైళ్లు, పిల్లల ఫొటోలు అన్నీ ఉన్నాయి. మదర్‌బోర్డు మీది పోర్టు ఏనాడో పిడుగు పుణ్యాన పోయింది, మిగిలింది ఈ ఇంటెల్ 82574ఎల్ కార్డు ఒక్కటే.

"మావయ్యా, నేనేం చెయ్యలేదు" అన్నాడు వాడు. నిజమే, కరెంటు చేసింది. సుజాతేమో "కొత్తది ఎంతుంటుందేంటి, పారేసి కొనండి" అంది. ఇంట్లో ఏది చెడినా ఇదే తీర్పు. మిక్సీకీ ఇదే, గొడుగుకీ ఇదే.

అసలు చూస్తే అది చచ్చినట్టే లేదు. కేబుల్ పెడితే ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. లినక్స్‌లో మెషీన్‌కి తగిలించినవాటి జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే పేరూ ఊరూ చెబుతోంది. బూట్ మెసేజీల్లో మాత్రం ఒక్క లైను: ది ఎన్‌వీఎం చెక్‌సమ్ ఈజ్ నాట్ వాలిడ్. ఎన్‌వీఎం అంటే కార్డు మీది చిన్న మెమరీ, అందులోని అంకెల లెక్క కుదరలేదని. అంతే, కార్డుని నడిపే ఈ1000ఈ డ్రైవర్ అక్కడితో తలుపు మూసేసింది. మూడుసార్లు లెక్క చూస్తుంది, మూడోసారీ తప్పితే ఇంటర్‌ఫేసే ఇవ్వదు. ఇంటర్‌ఫేస్ లేకపోతే కార్డు మెమరీని చదివి రాసే ఈథ్‌టూల్ పనిచేయదు. ఈథ్‌టూల్ లేకపోతే లోపలిది సరిచేయలేం. ఈ మడతపేచీకి నాకు ఒళ్లు మండింది.

ఆ లెక్కేమిటంటే, కార్డు మీది చిన్న మెమరీలో మొదటి 64 పదాలు, ఒక్కోటి 16 బిట్లు, వాటి మొత్తంలో చివరి 16 బిట్లు హెక్సాలో, అంటే పదహారు గుర్తులతో రాసే లెక్కలో, బీఏబీఏ రావాలి. చివరి పదాన్ని ఆ మొత్తం కుదిరేలా సర్ది రాస్తారు. బీఏబీఏ, అంటే బాబా. ఇవాళ గురువారం కూడాను. అమ్మకి చెబితే కార్డుకి విభూతి పెట్టేది, అందుకని చెప్పలేదు.

చెక్‌సమ్ మెసేజ్ చూడగానే 2008 గుర్తొచ్చింది. మాదాపూర్ రూములో సుబ్బుగాడూ నేనూ. వాడికి ఏ బీటా, అంటే ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్, వచ్చినా ఆ రాత్రే ఎక్కించాలి, అదీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో. ఆ సెప్టెంబరులో ఓపెన్‌సూసే అనే లినక్స్ 11.1 బీటా ఎక్కించాడు. పొద్దున ఆఫీసులో కేబుల్ పెడితే ఈథర్‌నెట్ లేదు. విండోస్‌లోకి వెళ్లి చూశాడు, అక్కడా లేదు. మొహం చూడాలి వాడిది. సిస్టమ్స్ అడ్మిన్ ఆయన వీణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి "ఏ సైట్లు చూశావు, నిజం చెప్పు" అని మొదలుపెట్టాడు. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అంటే వినడు, డ్రైవర్ అంటే వినడు. సాఫ్ట్‌వేర్ వల్ల హార్డ్‌వేర్ పోతుందా, ఎవరికి చెబుతావు అని. చివరికి వారంటీలో బోర్డు మార్చారు. వీడు మాత్రం టీ బ్రేకులో "ఏ సైట్లు" అన్న జోకు భరిస్తూ చాలాకాలం బతికాడు.

వాడొక్కడికే కాదు. 2.6.27 కెర్నల్ ఇంకా రిలీజ్ క్యాండిడేట్‌గా, అంటే విడుదలకి ముందు పరీక్షల్లో ఉన్నప్పుడు, ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కొన్ని ఇంటెల్ చిప్పులున్న మెషీన్లలో ఎన్‌వీఎం చెరిగిపోవడం మొదలైంది. ఇంకో లినక్స్, ఉబుంటు 8.10 వాళ్లు తమ టెస్టు కెర్నల్‌లో ఆ డ్రైవర్నే ఆపేశారు. అందరూ డ్రైవర్ రాసినవాళ్లని తిట్టారు, రూములో మేమూ తిట్టాం. తీరా దొరికిన దొంగ వేరు, ఎఫ్‌ట్రేస్. కెర్నల్లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో చూడటానికి కొత్తగా చేర్చిన పనిముట్టు. అది కోడ్‌లో తను మార్చాల్సిన చోట్ల చిరునామాలు రాసిపెట్టుకుని, తర్వాత తీరిగ్గా వెళ్లి మార్చేది. ఈలోపు ఆ మెమరీ ఖాళీ అయ్యేది, అదే చిరునామాలోకి నెట్‌వర్క్ చిప్పు ఫ్లాష్ వచ్చి దిగేది. ఎఫ్‌ట్రేస్ పాపం జాగ్రత్తగానే ఉంది, తను అనుకున్నదే అక్కడుంటే మార్చాలి, లేకపోతే లేదు అని పోల్చి చూసేది. కానీ ఎక్స్86లో, అంటే మన పీసీల ప్రాసెసర్లలో, ఆ పోల్చే ఇన్‌స్ట్రక్షన్ ఉందే, పోలిక కుదరకపోయినా చదివినదాన్నే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీకి దానివల్ల ఏమీ కాదు. ఫ్లాష్‌కి ఆ రాత చాలు. అక్టోబరులో 2.6.27.1 వచ్చింది, అందులో చేసిందల్లా ఆ డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేయడమే. డ్రైవర్లో కూడా అప్పటికే ఆ చిప్పుల ఎన్‌వీఎంకి రాత తాళం వేశారు. సుబ్బుకి ఈ సంగతి చెబితే "ఆ అడ్మిన్‌కి ప్రింటవుట్ ఇస్తా" అన్నాడు. ఇచ్చాడో లేదో.

ఇంతకీ ఇవాళ్టి పని. లెక్క తప్పినా ఇంటర్‌ఫేస్ ఇచ్చేలా, డ్రైవర్ సోర్సులో ఆ చెక్‌సమ్ చూసే నాలుగు లైన్లు పనిచేయకుండా కామెంట్ చేసి కంపైల్ చెయ్యాలి. కంపైల్‌కి కెర్నల్ హెడర్లు అనే ఫైళ్లు కావాలి. హెడర్లకి నెట్ కావాలి. నెట్ ఉంటే ఈ గొడవే లేదు కదా! ఫోన్‌ని యూఎస్‌బీకి తగిలించి టెదరింగ్ పెట్టాను. మధ్యలో రోజు డేటా అయిపోయిందని మెసేజ్, సుజాత ఫోన్ అడిగితే సీరియల్ చూస్తోంది, బుజ్జిగాడి ఫోన్ ఛార్జింగ్ రెండు శాతం. వైర్ కదిలితే టెదరింగ్ ఆగిపోతుంది, ఫోన్‌ని ఎటూ కదపకూడదు, అప్పుడే బ్యాంకు లోన్ వాళ్ల కాల్. ఎవరైనా ఈ హెడర్లని మొదటే ఇన్‌స్టాల్ చేసి ఇస్తే వాళ్ల సొమ్మేం పోతుందో.

కంపైల్ అయ్యాక మిగతాది రెండు నిమిషాలు. మార్చిన డ్రైవర్ ఎక్కించగానే ఇంటర్‌ఫేస్ వచ్చింది. ఈథ్‌టూల్‌తో ముందు ఆ మెమరీ మొత్తం డంప్ (నకలు) తీసి ఫోన్లో దాచాను. తర్వాత ఒక్క బైట్, అందులో ఉన్నదే మళ్లీ అందులో రాశాను. ఊరికే రాయనివ్వదు, 10డీ38086 అని డివైస్ నంబరూ వెండర్ నంబరూ కలిపి మ్యాజిక్‌గా, అంటే పాస్‌వర్డ్‌లా, ఇవ్వాలి. అలా రాసినప్పుడు డ్రైవరే చెక్‌సమ్ కొత్తగా లెక్కేసి పెడుతుంది. రీబూట్ చేసి పాత డ్రైవర్‌తోనే లేపితే మాట్లాడకుండా లేచింది. బాగానే అనిపించింది.

కాసేపే. పళ్లు తోముకుంటుంటే తట్టింది, నేను చేసిందేమిటి? కిరాణా కొట్టు చిట్టాలో మొత్తం కుదరట్లేదని, తప్పు ఏ పద్దులో ఉందో చూడకుండా మొత్తాన్నే దిద్దేసినట్టు కదా! లోపల ఏది చెడిందో అలాగే ఉంది, పైగా ఇప్పుడు దానికి నా రాజముద్ర పడింది. ఇందాక తలుపు మూసిందని డ్రైవర్ని తిట్టాను గానీ, దాని పద్ధతే నయం అనిపించింది. ఇదే 82574ఎల్‌తో 2013లో ఒకాయన ఎంత తల పట్టుకున్నాడో అప్పట్లో చదివాను. ఒక ప్యాకెట్లో ఒకానొక చోట ఒకానొక విలువ ఉంటే కార్డు మూగబోయేది. అది కొన్ని బోర్డుల్లో తయారీలోనే ఎక్కిన తప్పుడు ఈఈప్రామ్ (ఆ చిన్న మెమరీలోని సరుకు) అని తర్వాత తేలింది.

సుబ్బుకి ఫోన్ చేశాను. ఈ కార్డులు ఇద్దరం ఒకే షాపులో, ఒకేసారి కొన్నాం. "ఈ టైములోనా" అంటూనే డంప్ పంపాడు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు మూడు చోట్లే. మొదటి మూడు పదాలు, అవి ఎలాగూ మ్యాక్ అడ్రస్, నాది కార్డు మీది స్టిక్కర్‌తో అక్షరం అక్షరం సరిపోయింది. హెక్సాలో 30 దగ్గర బూట్ సెట్టింగులు, అవి బుజ్జిగాడు మార్చబోయినవే. చివర చెక్‌సమ్. అంటే కరెంటు పోయింది కొత్త సెట్టింగు రాశాక, మొత్తం దిద్దేలోపు అన్నమాట. సరే, నేను దిద్దింది దిద్దాల్సిందే.

షాపు కుర్రాడి మీద కోపం ఇప్పుడు సగం తగ్గింది. ఈ పనికి సాయంత్రం మొత్తం పట్టింది. వాడు అంతసేపు కూర్చుంటే గంటకింతని నేనిచ్చేవాణ్నా? కొత్త కార్డు ధర కంటే ఎక్కువ అడిగితే గొడవ పడి వచ్చేవాణ్ని. కానీ వాసన చూడటం ఏంటండీ, నేతి డబ్బానా అది?

బుజ్జిగాడు ఇప్పుడే తలుపు దగ్గరకొచ్చి, సెట్టింగు ఎలాగూ పడింది కాబట్టి రేపు నెట్‌వర్క్ బూట్ చూద్దామా అన్నాడు. ముందు యూపీఎస్‌కి బ్యాటరీ వేయించమన్నాను. డబ్బులెవరు ఇస్తారు మావయ్యా అంటున్నాడు.