మిద్దె గది చెక్కలు, టైల్సాయన లెక్కలు

టైల్స్ దుకాణం నుంచి వచ్చిన ఆయన ఈ పొద్దు మా మిద్దె గదిలో నిలబడినంతసేపూ ఒక్కసారైనా ఆ చెక్కపలకల నేల మీదికి వంగలేదన్న సంగతి, భోజనాలయి గిన్నెలు సర్దుకున్న తరువాత కూడా నన్ను వదలడం లేదు. గుమ్మంలోనే నిలబడి, చేతిలోని లేజరు పరికరాన్ని గోడల మీదికి చూపించి, పొడుగు పద్నాలుగు, వెడల్పు పది అని రాసుకుని, "చెక్కలు పాతబడినాయి సార్, పైన్నే సిమెంటు పోసి టైల్స్ వేసేస్తే ముప్పై ఏండ్లు మల్లా చూసే పనుండదు" అని మా ఇంటాయనతో చెప్పాడు. ఆ గదిని ఊడ్చేదీ, తుడిచేదీ, సెలవులకు మనవడు వచ్చేలోగా దానిని బాగుచేయించాలని ఉగాది నుంచి ఇంట్లో అందరి చెవుల్లోనూ పోరుతున్నదీ నేను. ఆయన నా వైపు తిరిగింది మంచినీళ్లు అడగడానికి మాత్రమే.

మా తమ్ముడు పంపిన మనిషి కనుక గట్టిగా ఏమీ అనలేకపోయాను. కింద పడసాలలో ఉన్న తాడిపత్రి నల్లబండల గురించి మాత్రం "ఇవి పాలిష్ కొట్టిస్తే అద్దమయితాయి" అని మెచ్చుకున్నాడు. రాయికి పాలిష్ చేస్తే బాగుపడుతుందని తెలిసిన మనిషికి చెక్క కూడా అలాగే బాగుపడవచ్చన్న ఆలోచన ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. 140 చదరపు అడుగులకు 35,000 రూపాయలని రాసిన కాగితాన్ని మా ఇంటాయన చదివి, మడిచి, కళ్లద్దాల డబ్బా కింద పెట్టారు. ఆయన దేనినైనా అక్కడ పెట్టారంటే దానికి సగం ఒప్పుకున్నట్లే.

వంగి చూసి ఉంటే తెలిసేది. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి కొంతసేపు ఆగితే చాలు, ఎవరినీ అడగనక్కర్లేదు. చుక్క పూసలాగా నిలబడితే పైపూత ఇంకా బతికి ఉన్నట్లు; ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే పూత పోయి చెక్క నోరు తెరుచుకుని ఉన్నట్లు. మా గదిలో గోడల పొడుగునా, మంచం కిందా చుక్కలు నిలబడ్డాయి. గుమ్మం దగ్గరా, కిటికీ కిందా, నడిచే దారిలోనూ మాత్రం ఇంకిపోయాయి. దూది మీద స్పిరిట్ వేసి మంచం కింద ఒక మూల రుద్దితే జిగటగా గోధుమరంగు అంటుకువచ్చింది కనుక అది పాతకాలపు లక్క పాలిష్ అని కూడా తేలింది. చెదలేమైనా పట్టాయేమోనని స్క్రూడ్రైవరు మొనతో పలకల అంచులన్నీ గుచ్చి చూశాను, ఎక్కడా దిగబడలేదు. అంటే చెడిపోయింది చెక్క కాదు, దాని మీది పూత. అదీ గదిలో మూడో వంతు మేరకే.

ఆ కోపంలోనే టైల్సాయన చెప్పిన పనికి బరువు లెక్క వేశాను. ఒకటిన్నర అంగుళాల మందం సిమెంటు, దాని మీద టైలు కలిపితే చదరపు అడుగుకు తొమ్మిది పది కిలోలు వస్తుంది. గది మొత్తానికి దాదాపు పదమూడు క్వింటాళ్లు. మట్టి గోడల మీద ఆనిన దూలాల నెత్తిన పదమూడు క్వింటాళ్లు పెట్టమని, ఆ దూలాలను కింది నుంచి ఒక్కసారి చూడనైనా చూడకుండా చెప్పిన మనిషిని పొద్దున్నే ఫోనులో నిలదీయాలని వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను. క్వింటాళ్లు అని రాసేసరికి శెనక్కాయలు గుర్తుకొచ్చాయి, అక్కడే నా వాదనకు దెబ్బ తగిలింది.

ఇది నాకు మెట్టినిల్లు కాకముందు మా అవ్వ ఇల్లు కదా. సంక్రాంతి సెలవులకు మేము వచ్చేసరికి ఈ గదిలో మనుషులకు చోటు ఉండేది కాదు. తాత పంటను కళ్లంలోనే అమ్మే రకం కాదు. ధర పెరుగుతుందని, పెరగకపోతే విత్తనానికైనా ఉంటాయని, బస్తాలన్నీ మిద్దె మీదికి ఎక్కించేవాడు. హమాలీలు మెట్ల పై వరకు మోసుకొచ్చి దించితే, అక్కడి నుంచి గోడ దాకా మా మామ, ఇద్దరు జీతగాళ్లు చెవులు పట్టి ఈడ్చేవారు. గోనె చెక్క మీద ఒరుసుకునే ఆ చప్పుడు కింద వంటింట్లోకి వినబడేది, పైనుంచి సన్నటి ఎర్రమట్టి రాలుతుంటే అవ్వ పాలగిన్నె మీద పళ్లెం మూసి పైకి చూసి తిట్టేది. మా పని పలకల సందుల్లో పడిన విత్తులను పుల్లతో ఏరుకోవడం. ఎవరికి ఎన్ని దొరికాయన్న దానిపై మా ఇంటాయనకూ నాకూ అప్పట్లో జరిగిన పోట్లాట ఇప్పటికీ తీర్పు కాలేదు. ధర పెరిగిన ఏడు రంగులరాట్నానికి డబ్బులు వచ్చేవి, పెరగని ఏడు ఎండాకాలం దాకా ఆ గదిలో పురుగు వాసన వచ్చేది. రెండో రకం ఏళ్లే ఎక్కువ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లాలో ధర కోసం ఎదురుచూడడానికైనా ముందు పంట చేతికి రావాలి.

కాయల బస్తా నలభై కిలోలు. నలభై బస్తాలు పడితే పదహారు క్వింటాళ్లు. అంటే టైల్సాయన పెట్టబోయే బరువు కన్నా ఎక్కువే ఈ దూలాలు ఏళ్ల తరబడి మోశాయి! బరువు మాట ఎత్తితే మా ఇంటాయన ఈ ఒక్క సంగతితో నా నోరు మూయించగలరు, ఆయన కూడా ఆ విత్తులు ఏరిన మనిషే కదా. కనుక బరువు వాదనను పక్కన పెట్టాను.

అయితే తేడా లేకపోలేదు. బస్తాలు ఎండాకాలానికి దిగిపోయేవి, వంగిన దూలం మళ్లీ తన స్థితికి వచ్చేది, సిమెంటు దిగదు. పైగా పలకలు నడుస్తుంటే కాస్త ఊగుతాయి, ఎండకు ముడుచుకుంటాయి, ముసురుకు ఉబ్బుతాయి. కింద ఇన్ని రకాలుగా కదిలే చెక్క ఉంటే పైన కదలడం చేతకాని టైలు అతుకుల దగ్గర చీలుతుంది. ఇది బరువు కన్నా గట్టి మాట.

మరి చేయవలసినదేమిటన్న దానిలోనూ నా మనసు ఈ రాత్రే మారింది. నిన్నటి వరకు నా ఉద్దేశం, పెద్ద సాండింగ్ యంత్రం అద్దెకు తెప్పించి గది మొత్తాన్ని పచ్చి చెక్క దాకా గీయించి కొత్తగా పాలిష్ చేయించాలన్నది. కానీ బస్తాలు ఈడ్చిన దారిలో పలకలు కొద్దిగా గుంటపడి ఉన్నాయి, అరచేయి పెడితేనే తెలుస్తుంది. యంత్రం నేలనంతా ఒక మట్టానికి తేవాలంటే మిగతా చెక్కనంతా ఆ గుంట లోతు దాకా కొరికివేయాలి. అనుభవం లేని మనిషి ఒకచోట క్షణం ఆపితే కొత్త గుంటలు కూడా పడతాయి. నల్లమల టేకని తాత గొప్పగా చెప్పుకున్న పలకల మందాన్ని పొడి చేసి గోతాంలోకి ఎత్తడానికి అద్దె కట్టడమెందుకు? ఫోనులో వడ్రంగి ఆచారి కూడా అదే అన్నాడు: "పూత పోయిన కాడ మాత్రమే గీకుదాం లేమ్మా, మేకుల తలలు లోపలికి కొట్టినాంక." మేకు పైకి ఉంటే గరుకు కాగితం చిరిగిపోతుంది.

పూత ఉన్న చోట 220 నంబరు సన్న గరుకు కాగితంతో మెరుపు పోయేంతవరకు పైపైన రుద్ది, స్పిరిట్‌లో కరిగించిన లక్కనే మళ్లీ ఒక చేయి వేస్తే, కొత్తది పాతదానిలో కరిగి కలిసిపోతుంది. పూత పోయిన చోట ముతకదైన 60తో మొదలుపెట్టి 80, 120 దాకా, నార వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు పూత పడిన తరువాతనే కనబడతాయి. నడిచే దారికి లక్క ఆగదు, నీటికి తెల్లబడుతుంది కనుక అక్కడ మాత్రం పాలియురేథేన్ వార్నిషు. లీటరు డబ్బా ఒక పూతకు దాదాపు వంద చదరపు అడుగులకు సరిపోతుంది, మాకు కావలసినది అందులో సగం లోపే. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కనుక పూతకు ముందు ఆ చోటును స్పిరిట్‌తో తుడవాలని, లేకపోతే పూత పొరలుగా లేస్తుందని ఆచారి రెండుసార్లు చెప్పాడు. ఈ ఎండలకు మధ్యాహ్నం పూస్తే బ్రష్షు నడుస్తుండగానే ఆరిపోయి చారలు పడుతుంది, తెల్లవారుజామునే కానిచ్చేయాలి.

అత్త మాత్రం "ఆముదం రాయండి, ఖర్చే ఉండదు" అని పట్టుబట్టింది. ఆముదం ఎన్నాళ్లయినా ఆరదు, శెనగనూనె కూడా సరిగా ఆరదు. జిడ్డుగా ఉండి ఊళ్లోని దుమ్మునంతా పిలుచుకుంటాయి. ఆరే గుణం అవిసె నూనెది, అది గాలిలోని ఆమ్లజనితో కలిసి గట్టిపడుతుంది. కానీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కనుక ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. మా ఇంట్లో పాత గుడ్డలన్నీ ఏ మూలకు చేరతాయో తెలిసినదాన్ని కనుక ఆ నూనె జోలికే పోవడం లేదు.

గోడల అంచున ఉన్న ఎర్రరంగు పట్టీ కూడా మిగిలింది. అది 1986లో మా పెళ్లికి వేసినది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో తొంభైకి, పరిమితం చేసిన నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలయింది కాబట్టి, ఆ కాలపు రంగులో సీసం ఉందనుకునే నడుచుకోవాలి. నేల మీద పాకి చేతులు నోట్లో పెట్టుకునే మనవడు వస్తున్నప్పుడు ఆ పట్టీని పొడిగా గీకి దుమ్ము లేపే ప్రసక్తే లేదు. పెచ్చులు లేవని చోట దాని మీదనే కొత్త రంగు, లేచిన చోట తడిపి ఎత్తివేయడం.

సాయంత్రం కిటికీ కింద జానెడు చోటు చేత్తో రుద్ది తుడిస్తే, బూడిదరంగు పోయి తేనెరంగు నార బయటపడింది. చాలా బాగుంది. మా ఇంటాయన కూడా వచ్చి చూసి, "ఊ" అన్నారు.

సందుల సంగతి మాత్రం ఇప్పుడు ముట్టుకోకూడదు. ఈ ఎండలకు పలకలు ముడుచుకుని సందులు అత్యంత వెడల్పుగా ఉన్న సమయమిది. ఇప్పుడు రంపపు పొట్టు, జిగురు కలిపి గట్టిగా నింపితే వానలకు పలకలు ఉబ్బినప్పుడు వాటికి జాగా లేక ఆ ముద్ద పైకి తన్నుకొస్తుంది, లేదా పలకే వంగుతుంది. చెక్కతో పాటు నలిగి మళ్లీ ఉబ్బే పురికొసను కూరితే ఆ బాధ ఉండదు, పాతూరు బజారులో కిలోల లెక్కన దొరుకుతుంది. కాగితాలు, లక్క, స్పిరిట్, వార్నిషు, ఆచారి కూలి అన్నీ కలిపినా ఐదు వేలు దాటవని తేలింది. బీరువా కింది పలకలను కూడా ఇప్పటికి వదిలేస్తాను. నవంబరులో పురికొస కూరడానికి దానిని ఎట్లాగూ జరపక తప్పదు, ఆ నాలుగు పలకల గీకుడు అప్పుడే పెట్టుకోవచ్చు.