సార్టెక్స్ ముందు పిన్ని

మండపేట పక్కన ఒక రైస్ మిల్లులో నేను 22 ఏళ్లుగా గుమస్తాని. మూడేళ్ల కిందట మా మిల్లుకి బియ్యంలో చెడ్డ గింజలు ఏరే సార్టెక్స్ మిషన్ దిగిన రోజు కొబ్బరికాయ కొట్టింది నేనే. అదే రోజు సాయంత్రం, చేటలతో బియ్యం చెరిగి, చెత్త ఏరే పద్నాలుగు మంది ఆడవాళ్లలో పదకొండు మందికి రేపటి నుంచి రావద్దని చెప్పిందీ నేనే. కొందరు రొయ్యల షెడ్లకి వెళ్లారు, కొందరు ఉపాధి పనికి. ఒకావిడ ఇప్పటికీ బజారులో కనిపిస్తే ముఖం తిప్పుకుంటుంది.

మిషన్ చేసే పని చూడ్డానికి తమాషాగా ఉంటుందండి. బియ్యం పైనించి సన్నటి గాడుల్లోంచి జారుతుంటే కెమెరా ప్రతి గింజనీ చూస్తుంది. నల్లగింజ కనపడితే సరిగ్గా దాని మీదికే గాలి ఉఫ్ మంటుంది, అది పక్క గొట్టంలో పడుతుంది. కంప్రెసర్ గాలిలో తడి ఉంటే మాత్రం గాలి నాజిళ్లు మూసుకుపోతాయి. ఇది మాకు తెలియడానికే రెండు వారాలు పట్టింది.

కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్ రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చాడు. ఎవరికి? డిప్లొమా చదివిన కుర్రాడికి. తెలివైనవాడే, స్క్రీన్ మీద వేళ్లు పరుగెత్తేవి. కానీ బియ్యం తెలియదు. సార్వా (వానాకాలం పంట) స్వర్ణ రకం ఆడించినంత కాలం బాగానే నడిచింది. దాళ్వా (వేసవి పంట) ధాన్యం ఎండకి పగిలి, పచ్చిగా ఆడిస్తే నూకైపోతుంది కదా, అందుకని ధాన్యం ఉడకబెట్టి ఆడించే ఉప్పుడు బియ్యం మొదలుపెట్టాం. అది పసుపు రంగు. కుర్రాడు సెట్టింగ్ తెల్లబియ్యానిదే ఉంచేశాడు. గంటన్నరలో మంచి బియ్యమంతా రిజెక్ట్ గోనెల్లోకి పోయింది.

ఆ గోనెల దగ్గర ఊడుస్తున్న పిన్ని (మిగిలిన ముగ్గురిలో ఒకావిడ, అందరూ అలాగే పిలుస్తాం) పిడికెడు తీసి అరచేతిలో పరిచి, "బాబూ, ఇందులో ఏరాల్సినవేవి? గుప్పెట్లో రెండు కూడా లేవు" అంది. మిల్లు ఆపాం. మా అందరికీ ఒకటే టెన్షన్.

సంక్రాంతికి ముందు కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. అప్పుడు ఓనరుగారితో అన్నాను, పిన్నికి నేర్పిద్దామని. ఆయన నవ్వారు. ఆవిడ చదివింది ఐదో తరగతి. పిన్ని కూడా "నా వల్ల కాదండి, ఆయ్, ముట్టుకుంటే పాడైపోద్ది" అంటూ రెండు రోజులు ఆ స్క్రీన్ దగ్గరికే రాలేదు. ఒక నోటుబుక్కులో ఏ రకానికి ఏ నంబర్లు పెట్టాలో పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. అసలు కష్టం నంబర్లలో లేదు. గింజ మీద ఎంత మచ్చ ఉంటే తియ్యాలి, ఎంత ఉంటే వదిలేయాలి అన్నది కదా. ఎక్కువ తీస్తే దిగుబడి పోతుంది, తక్కువ తీస్తే బియ్యం కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీఐ వాళ్ల దగ్గర లోడ్ తిరగొస్తుంది. పచ్చి బియ్యంలో రంగు మారిన గింజ 3 శాతం దాటకూడదు. పిన్ని రిజెక్ట్ గోనెలో చెయ్యిపెట్టి, ఇటు మంచి బియ్యంలో చెయ్యిపెట్టి, నంబరు ఒకటి పైకో కిందికో జరుపుతుంది. నేను ల్యాబ్‌లో తూచి చూస్తే ఎప్పుడూ దగ్గర దగ్గరే.

పదకొండు మందిలో ఇంకొందరికి ఆ చూపు ఉండేది. మిషన్ దిగక ముందే అడిగి ఉంటే బావుండేది. ఆ లెక్క నా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

పిన్నికి ఇప్పటికీ రోజుకూలే. ఆ కుర్రాడికి నెలజీతం ఉండేది. ఈ మాట ఓనరుగారితో రెండుసార్లు అన్నాను. దాళ్వా అయ్యాక చూద్దాం అన్నారు. నిన్న కోతలు మొదలయ్యాయి.