గుండుసూది రంధ్రం ఖరీదు

దుంగలు కొనడానికి వెళ్తే నా కళ్లు ముందు వెతికేది పొడవునో లావునో కాదు, బెరడు మీద రాలిన తెల్లని పొట్టును. నిన్న అదే కనిపించింది. బెరడు ఒలిపించి చూస్తే గుండుసూదితో పొడిచినట్టు రంధ్రాలు, ఒక్కోదాని చుట్టూ నల్లటి మరక.

విచిత్రమేమిటంటే ఈ రంధ్రాలు చేసే పురుగు కర్రను తినదు. సొరంగం తొలిచి, అందులో బూజు పెంచుకుని, ఆ బూజును తిని బతుకుతుంది. దానికి పచ్చి దుంగలోని తడి కావాలి. కర్ర ఆరిందంటే బూజూ ఉండదు, పురుగూ ఉండదు. బలం కూడా పెద్దగా తగ్గదు. అయినా కొనేవాడు ఒప్పుకుంటాడా? నునుపైన పైపొరలకు పనికొచ్చే దుంగ కాస్తా పెట్టెల చెక్క స్థాయికి దిగిపోతుంది. నాకైతే ఇది కొంత అన్యాయమే అనిపిస్తుంది.

ఆరిన చెక్కను పట్టేది వేరే పురుగు. అసలు దొంగ అదే. చేవ జోలికి పోదు, చుట్టూ ఉండే లేత చెక్కలోని పిండిపదార్థం కోసం వస్తుంది. పైకి నున్నగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలంతా పిండి. సామాను తయారై, డబ్బు చేతులు మారాక బయటపడుతుంది. అప్పుడు చెక్కతోపాటు కూలీ, పరువూ పోతాయి.

ఎగుమతి సరుకు పెట్టెల చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచాలన్న అంతర్జాతీయ నిబంధన ఇలాంటి పురుగుల భయంతో వచ్చిందే. ఆ ఖర్చునూ పురుగు ఖాతాలోనే రాయాలి.

నరికిన వెంటనే కోతకు పంపితే పచ్చి దుంగల బెడద చాలావరకు తప్పుతుంది. లారీ దొరకక అవి అడవిలోనే పడి ఉంటే ఎవరేం చేస్తారు?