తెలుగు సైటు సర్వర్ మారుస్తున్నారా? ముందు అక్షరాలు చూసుకోండి

మా సైటుని పోయిన వారం కొత్త హోస్టింగ్‌కి మార్చాం. పాత చోట సాయంత్రమైతే పేజీ తెరుచుకునేది కాదు, ఎన్నిసార్లు ఫిర్యాదు పెట్టినా అదే జవాబు, రెన్యువల్ తేదీ దగ్గరపడేసరికి ఇక చాలనిపించింది. సైటు పెద్దదేం కాదు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్న పదేళ్లుగా కాలువల మాటలు, కొబ్బరి తోటల మాటలు పోగేస్తున్నారు: బోదె, తూము, లాకు, శివారు, దింపు, ఒలుపు. ఒక్కో మాటని ఎవరు ఎప్పుడు వాడతారో రెండు మూడు వాక్యాలు. దానికోసం నేనే రాసిన చిన్న పీహెచ్‌పీ సైటు అది.

ఫైళ్లు, ఫొటోలు ఒక్క రాత్రిలో వెళ్లిపోయాయి. మాటలన్నీ దాచి ఉన్న డేటాబేస్‌ని పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే పనిముట్టుతో ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త చోట ఎక్కించి పేజీ తెరిచాను. కాలువ అని ఉండాల్సిన చోట తలమీద గీతున్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఎ’, మళ్లీ డిగ్రీ, మధ్యలో ఒక ప్లస్-మైనస్ గుర్తు. పక్కనే కూర్చున్న నాన్న కళ్లజోడు సర్దుకుని, “ఒరేయ్ అబ్బాయ్, నా కాలువేదిరా?” అన్నారు. గుండె జారిపోయింది.

జరిగింది ఇదీ. యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాల్నీ కంప్యూటర్లో బైట్లుగా దాచే పద్ధతి. అందులో తెలుగు అక్షరమైనా, గుణింతం గుర్తైనా మూడేసి బైట్లు తీసుకుంటుంది. కాలువ అంటే క, దీర్ఘం, ల, కొమ్ము, వ: ఐదు మూళ్లు పదిహేను బైట్లు. మా డేటాబేస్‌లోని పాత టేబుళ్లు లాటిన్1 (అక్షరానికి ఒక్క బైటే వాడే, ఇంగ్లీషులాంటి భాషల పాత పద్ధతి) అని రాసి ఉన్నాయి, లోపలున్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లే. పాత సైటు వాటిని అలాగే తీసి అలాగే చూపించేది కాబట్టి ఇన్నేళ్లూ తేడా తెలియలేదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఒక్కో బైటుని ఒక్కో లాటిన్ అక్షరం అనుకుని మార్చేసింది, ఒక మాట పదిహేను ముక్కలైంది.

ఇలా పిచ్చి గుర్తులు కనిపిస్తే కంగారు పడకండి, బైట్లు ఉన్నాయి, వెనక్కి తేవచ్చు. కానీ డంప్ ఫైల్లోనే, అంటే ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లోనే, వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే ఆ కాపీలో అక్షరాలు పోయినట్టే, మళ్లీ పాత సర్వర్ నుంచి తెచ్చుకోవాల్సిందే. అందుకే పాత డేటాబేస్‌ని తొందరపడి తీసేయొద్దు.

మాకు పనిచేసిన దారి: డేటాబేస్‌ని ఫైలుగా తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్‌కి క్యారెక్టర్ సెట్ (అక్షరాల పద్ధతి) లాటిన్1 అని చెప్పి, స్కిప్ సెట్ చార్‌సెట్ ఆప్షన్ కూడా ఇచ్చి డంప్ తీశాను. ఆ ఫైల్లో టేబుళ్ల దగ్గరున్న లాటిన్1ని యూటీఎఫ్8ఎంబీ4గా (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8కి పేరు) మార్చి, అదే సెట్‌తో కొత్త చోట ఎక్కించాను. సైటు కనెక్షన్‌లోనూ అదే పెట్టాలి. పేజీ తిరిగి తెరిస్తే కాలువ కాలువలాగే ఉంది. నాన్న ఒక్కో పేజీ తిప్పి చూసేదాకా లేవలేదు.

ఇదంతా డీఎన్ఎస్ (సైటు పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టిక) ముట్టుకోకముందే చూసుకున్నాం. మన కంప్యూటర్లో హోస్ట్స్ ఫైల్లో సైటు పేరు పక్కన కొత్త సర్వర్ ఐపీ (చిరునామా) రాసుకుంటే కొత్త సర్వర్ మనకి మాత్రమే కనిపిస్తుంది, మిగతావాళ్లకి పాతదే. తర్వాత టీటీఎల్, అంటే పాత చిరునామాని మిగతా కంప్యూటర్లు ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు. మాది 86400 సెకన్లు ఉండేది, అంటే ఒక రోజు. మార్పుకి రెండు రోజుల ముందే 300కి తగ్గించాను. ధవళేశ్వరంలో నీళ్లు వదిలిన పూటే శివారు చేలకి అందవు కదా, ఇదీ అంతే, కొందరికి ముందు కొత్త సైటు వస్తుంది, కొందరికి ఇంకాసేపు పాతదే వస్తుంది. మీ డొమైన్ మీద మెయిల్ ఉంటే ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పేవి) ముందే రాసిపెట్టుకోండి.

ఆ మధ్యలో కొత్త మాటలు ఎక్కించొద్దని నాన్నకి చెప్పాను, ఎక్కిస్తే పాత డేటాబేస్‌లో పడి అక్కడే ఉండిపోతాయి. రెండు రోజులూ ఆయన నోటుబుక్కులో రాసి ఉంచుకున్నారు. నిన్న పొద్దున్న కాఫీ తాగుతూ కొత్త సర్వర్‌లో మొదటి మాట ఎక్కించారు: పంటు. మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించేది.